విన్నిపెగ్‌లో మొదటి చలికాలం: ఇల్లంతా నీటి లెక్కే

మీరు రాసిందాని సారాంశం ఇది. ఆగస్టులో గుంటూరు నుంచి కెనడాలోని విన్నిపెగ్ వచ్చారు. 1950లలో కట్టిన బేస్‌మెంట్ ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ మాత్రం ఈమధ్య మార్చిందే. ఒకటో తరగతి చదివే పాప, ఎనిమిది నెలల బాబు, సూపర్ వీసా (తల్లిదండ్రులకిచ్చే సందర్శక వీసా) మీద వచ్చిన 67 ఏళ్ల అమ్మగారు ఉన్నారు. కారు బ్రిటిష్ కొలంబియాలో కొన్న సెకండ్ హ్యాండ్‌ది. మైనస్ 30లో ఇల్లు ఎలా నడపాలి, అమ్మగారు తట్టుకుంటారా అని అడిగారు.

తట్టుకుంటారు. చలి సంగతి ఫర్నేసూ జాకెట్టూ చూసుకుంటాయి. ఇక్కడి ఇళ్లలో తిప్పలన్నీ నీళ్ల దగ్గరే. గాలిలో ఉండాల్సిన తడి ఉండదు, కిటికీ మీద ఉండకూడని తడి ఉంటుంది. పైపులో గడ్డ కడుతుంది, పిల్లల బూట్లలో ఆరదు, గుమ్మం మెట్ల మీద గాజులా పరుచుకుంటుంది. మీ ప్రశ్నలు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి.

దానికి ముందు ఫోన్‌లో కనిపించే రెండు అంకెల గురించి. ఉష్ణోగ్రత మైనస్ 24 అని, పక్కనే ‘మైనస్ 36లా ఉంటుంది’ అని చూపిస్తుంది. ఆ రెండోది విండ్ చిల్, అంటే గాలి కూడా కలిస్తే ఒంటికి తెలిసే చలి. అది ఒంటికి, అందులోనూ బట్ట కప్పని చర్మానికి సంబంధించిన అంకె. కారు బ్యాటరీకి, నీళ్ల పైపుకు, ఫర్నేస్‌కు చూడాల్సింది మొదటిదే. ఎంత గాలి కొట్టినా ఇనుము మైనస్ 24 కన్నా కిందకు పోదు, అక్కడికి తొందరగా చేరుతుంది, అంతే. కొత్తగా వచ్చినవాళ్లు విండ్ చిల్ చూసి ఫర్నేస్ గురించి కంగారు పడతారు, అసలు ఉష్ణోగ్రత చూసి పిల్లల చెవులు కప్పకుండా పంపిస్తారు. రెండూ తలకిందులే. ప్రభుత్వ వాతావరణ సంస్థ ఎన్విరాన్‌మెంట్ కెనడా లెక్క ప్రకారం విండ్ చిల్ మైనస్ 28 నుంచి 39 మధ్య ఉంటే కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. మైనస్ 40 నుంచి 47 అయితే 5 నుంచి 10 నిమిషాలు. 48 దాటితే 2 నుంచి 5 నిమిషాలే. ఆ సంస్థదే వెదర్‌కాన్ అనే యాప్ ఉంది, అది ఒక్కటి పెట్టుకుంటే చాలు. వాట్సాప్‌లో తిరిగే ‘రేపు మైనస్ 60’ ఫార్వర్డ్‌లు నమ్మకండి.

ఇక ఇంట్లో గాలి. బయట మైనస్ 25 ఉన్నప్పుడు ఘనపు మీటరు గాలిలో నీటి ఆవిరి అర గ్రాముకు కాస్త అటూఇటూ ఉంటుంది. అదే గాలి సందుల్లోంచి లోపలికొచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే 18 గ్రాముల దాకా పట్టగలదు. అంటే తేమ మూడు శాతానికి పడిపోయినట్టు. అందుకే పెదాలు పగలడం, రాత్రిళ్లు గొంతు ఎండిపోవడం, పిల్లలకు ముక్కులోంచి రక్తం, తలుపు గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొట్టడం. ఇది చూసి అందరూ ముందు చేసే పని గాలికి తడి చేర్చే పెద్ద హ్యుమిడిఫైయర్ కొని 45 శాతానికి పెట్టేయడం. వారం తిరిగేసరికి కిటికీ అద్దం అడుగున వేలెడు మందాన ఐస్ గడుతుంది. కరిగి చెక్కలోకి దిగుతుంది. ఫిబ్రవరికి నల్ల బూజు.

బయట ఎంత చలి పెరిగితే లోపల తేమ అంత తగ్గించాలి. బయట మైనస్ 10 దాకా 35 నుంచి 40 శాతం ఉంచొచ్చు. మైనస్ 20 దగ్గర 25 చాలు. మైనస్ 30 అయితే 15 నుంచి 20కి మించొద్దు. తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొనండి. చిన్న డిజిటల్‌ది, పదిహేను ఇరవై డాలర్లలో వస్తుంది. దాన్ని వంటింట్లో కాకుండా హాల్లో, కిటికీకి దూరంగా పెట్టండి. అంకె కన్నా కిటికీయే నికరమైన గుర్తు. అద్దం మూలల్లో మాత్రమే కాస్త చెమర్చితే సరిగ్గా ఉన్నట్టు. సగం అద్దం తడిసిందంటే తేమ తగ్గించాలి.

మన వంట ఇక్కడివాళ్ల వంటలాంటిది కాదు. పొద్దున్నే ఇడ్లీ ఆవిరి, మధ్యాహ్నం కుక్కర్ విజిల్స్, సాయంత్రం పులుసు మరుగు, రెండుసార్లు టీ. ఆ ఆవిరంతా వెళ్లి ఇంట్లోకెల్లా చల్లటి చోట వాలుతుంది. అది కిటికీ కావచ్చు, బయటి గోడకు ఆనించిన బట్టల అల్మారా వెనక కావచ్చు. అందుకని స్టవ్ వెలిగించే ముందే పైన ఫ్యాన్ వేసి, దించాక పదిహేను నిమిషాలు ఉంచాలి. అయితే మీ ఫ్యాన్ గాలిని నిజంగా బయటకు పంపుతోందా అన్నది ముందు చూసుకోండి. పాత ఇళ్లలో చాలావాటికి బయటకు గొట్టం ఉండదు, జాలీలోంచి లాగి మళ్లీ వంటింట్లోకే ఊదుతుంది. ఫ్యాన్ వేసి బయటికెళ్లి గోడకో కప్పుకో ఉన్న రేకు మూత లేస్తోందేమో చూడండి. లేవకపోతే మీది ఊదే రకమే. అప్పుడు వంటప్పుడు బాత్రూం ఫ్యాన్ వేసి ఆ తలుపు తీసి పెట్టడం తప్ప దారి లేదు. కుక్కర్ వెయిట్ తీసి ఆవిరి ఒక్కసారిగా వదిలే అలవాటుంటే మానేయండి, దానంతట అది దిగనివ్వండి.

కిటికీల దగ్గర ఇంకో రెండు పనులున్నాయి. బ్లైండ్స్ పూర్తిగా కిందికి దించేస్తే గది వెచ్చదనం అద్దానికి తగలక అద్దం మరింత చల్లబడి ఐస్ గడుతుంది. అడుగున రెండంగుళాలు ఖాళీ వదలండి. హార్డ్‌వేర్ షాపుల్లో కిటికీలకు అంటించే ప్లాస్టిక్ ఫిల్మ్ కిట్ దొరుకుతుంది. ఫ్రేమ్ చుట్టూ రెండువైపుల టేపు అంటించి, ఫిల్మ్ పరిచి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే డప్పులా బిగుసుకుంటుంది. పాత అద్దాలున్న ఇంటికి ఇంత తక్కువ డబ్బుతో ఇంత లాభం ఇచ్చేది ఇంకోటి లేదు. అక్టోబర్‌లో, అద్దం పొడిగా ఉన్నప్పుడే చేయాలి, లేకపోతే తడి లోపలే చిక్కుకుంటుంది. పడకగదుల్లో ఒక్క కిటికీనైనా ఫిల్మ్ వేయకుండా వదలండి, నిప్పంటుకుంటే బయటపడే దారి అది. బాబు ఉయ్యాల మంచం బయటి గోడకు ఆనించకుండా జానెడు ఎడం పెట్టండి.

బట్టలు డ్రయర్‌లో కాకుండా స్టాండ్ మీద ఆరేయడం ఇక్కడ పనికొచ్చే అలవాటు. రాత్రి ఆరేస్తే పొద్దుటికి ఫెళఫెళలాడతాయి, ఆ తేమ గదికి దక్కుతుంది. మైనస్ 30 రోజుల్లో మాత్రం ఆపండి. సగ్గుబియ్యం వడియాలు కూడా ఇంట్లోనే, వేడిగాలి వచ్చే రంధ్రానికి కాస్త ఎడంగా గుడ్డ మీద పెడితే ఎండ లేకుండానే ఎండుతాయి. అమ్మగారికి ఈ మాట చెప్పండి, జనవరికి చేతినిండా పని.

ఫర్నేస్ దగ్గర నేర్చుకోవాల్సింది ఎక్కువేం లేదు, కానీ ఉన్నది తప్పనిసరి. ఫిల్టర్ కొలత దాని అట్ట అంచు మీదే ఉంటుంది, 16×25×1 లాంటిది. నెలకోసారి తీసి లైటుకు ఎదురుగా పట్టుకోండి. వెలుతురు కనబడకపోతే మార్చాలి. ప్యాకెట్ మీద మూడు నెలలని ఉన్నా రోజూ అగరొత్తులు, సాంబ్రాణి, పోపుల పొగ ఉన్న ఇంట్లో నెల, నెలన్నర లెక్క పెట్టుకోండి. ఫిల్టర్ పూడుకుపోతే గాలి ఆడక లోపలి భాగం మితిమీరి వేడెక్కి, భద్రత స్విచ్ ఫర్నేస్‌ను ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. ‘ఫర్నేస్ పాడైంది’ అని పిలిచిన చాలా సందర్భాల్లో దొరికేది ఈ అట్టముక్కే. ఫిల్టర్ మీద బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి.

మీది కొత్త రకం కాబట్టి పొగ చిమ్నీలోంచి కాకుండా తెల్లటి ప్లాస్టిక్ గొట్టాల్లోంచి గోడ పక్కకు వస్తుంది. ఒకటి గాలి లాగేది, ఒకటి వదిలేది. వదిలే గాలిలో నీటి ఆవిరి ఎక్కువ. మైనస్ 30 నాలుగు రోజులు వరసగా ఉంటే గొట్టం మూతి చుట్టూ తెల్లటి గడ్డ కడుతుంది, అది పక్క గొట్టానికి కూడా పాకి మూసేస్తే ఫర్నేస్ ఆగుతుంది. సరిగ్గా రాత్రి రెండింటికే ఆగుతుంది. అందుకే ఆ రోజుల్లో పడుకునే ముందు ఒకసారి బయటికెళ్లి గొట్టాల మూతులు చూడండి. చేత్తోనో చెక్క గరిటెతోనో మెల్లగా రాలగొట్టండి. సుత్తితో కొడితే ఆ చలికి ప్లాస్టిక్ గాజులా పగులుతుంది. స్నో తవ్వి పోసేటప్పుడు కుప్ప ఆ గొట్టాల వైపు పడకుండా చూసుకోండి.

ఫర్నేస్ ఆగిపోతే మెకానిక్‌ను పిలిచే ముందు చూడాల్సినవి ఇవి. థర్మోస్టాట్ బ్యాటరీలు. ఫిల్టర్. గొట్టాల మూతులు. బ్రేకర్. ఫర్నేస్ పక్కనో బేస్‌మెంట్ మెట్ల పైనో ఉండే, అచ్చం లైటు స్విచ్‌లా కనిపించే స్విచ్. దాన్ని లైటనుకుని ఎవరో ఒకరు ఆపేస్తారు. దాని మీద ఎర్ర టేపు అంటించి ‘ఆపొద్దు’ అని తెలుగులో రాయండి. పిల్లలకూ అమ్మగారికీ ఇద్దరికీ అర్థమవుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటే లోపల ఒక చిన్న లైటు మిణుకుతుంటుంది. ఎన్నిసార్లు మిణుకుతుందో లెక్కపెట్టి ఇంటి ఓనర్‌కు చెప్పండి, మూత వెనక ఆ లెక్కకు అర్థం రాసి ఉంటుంది. పగలు 20 లేదా 21, రాత్రి 18 సరిపోతుంది. డబ్బు ఆదా అని రాత్రి 15కి దించితే గోడల్లోని పైపులకు ముప్పు.

వేడి చాలట్లేదని ఎవరూ ఓవెన్ తలుపు తీసి పెట్టకూడదు. కుంపటి, బొగ్గులు ఇంట్లోకి రానేకూడదు, భోగి రోజైనా సరే. గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి ‘వేడెక్కనీ’ అని వదలకూడదు, పైతలుపు తీసున్నా సరే, ఇంటికి అతికిన గ్యారేజీ అయితే పొగ లోపలికే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పడకగదుల బయట అలారం ఉందో లేదో, దాని వెనక ముద్రించిన గడువు దాటిందో లేదో ఈరోజే చూడండి. అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే జలుబు అనుకోకుండా బయటికి నడిచి, అక్కడినుంచి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి.

నీళ్ల పైపులకు అక్టోబర్‌లో చేసే పని ఒక్కటే. తోట కుళాయికి బేస్‌మెంట్‌లో వాల్వ్ ఉంటుంది. అది కట్టేసి, బయటి కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు కారనిచ్చి, తిప్పి ఉన్నట్టే వదిలేయండి. రబ్బరు గొట్టం విప్పేయండి. గొట్టం తగిలించి ఉంచితే లోపల మిగిలిన నీళ్లు గడ్డకట్టి గోడలోనే పైపు పగులుతుంది, ఆ సంగతి ఏప్రిల్‌లో కుళాయి తిప్పినప్పుడు బేస్‌మెంట్ తడిశాక గానీ తెలియదు. వంటింటి సింకు బయటి గోడకు ఉంటే మైనస్ 30 రాత్రుల్లో కింద అల్మారా తలుపులు తీసి పెట్టండి. ఇల్లంతటికీ నీళ్లు ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో ప్రతి పెద్దవాళ్లకూ తెలియాలి.

డిసెంబర్‌లో పెళ్లికో పండక్కో ఇండియా వెళ్తే మెయిన్ వాల్వ్ కట్టి కుళాయిలన్నీ ఖాళీ చేసి థర్మోస్టాట్ 15 మీద వదలండి. అలా చేసినా సరే, ఇన్సూరెన్స్ పేపర్లు చదవండి. చలికాలంలో నాలుగు రోజులు మించి ఇల్లు ఖాళీగా ఉంటే రోజూ ఎవరో ఒకరు వచ్చి చూడాలనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. అద్దె ఇంట్లో మీ సామాన్ల పాలసీకి, ఓనర్ ఇంటి పాలసీకి షరతులు వేరువేరుగా ఉండొచ్చు. ప్రయాణం సంగతి ఓనర్‌కు ఈమెయిల్‌లో రాసి పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.

వంటింట్లో మీకు మొదట ఎదురు తిరిగేది పిండి. 20 డిగ్రీల గదిలో ఇడ్లీ పిండి పొద్దుటికి ఒక్క వేలు కూడా పొంగదు. ఓవెన్‌లో లైటు వేసి గిన్నె పెట్టడం అందరూ చెప్పే చిట్కా. అది పాత రకం బల్బుకే పనిచేస్తుంది, ఎల్‌ఈడీ బల్బుకు వేడి రాదు. ముందు ఖాళీ ఓవెన్‌లో లైటు వేసి గంట తర్వాత థర్మామీటర్ పెట్టి చూడండి. 28 నుంచి 32 మధ్య ఉంటే చాలు, 10 నుంచి 14 గంటల్లో పొంగుతుంది. ఇన్‌స్టంట్ పాట్ వాడితే పెరుగు మీటలోనే తక్కువ వేడి పెట్టుకోండి. మామూలు పెరుగు వేడి పిండికి ఎక్కువ, అడుగు ఉడికినట్టవుతుంది. మూత బిగించొద్దు, మామూలు పళ్లెం మూయండి. గిన్నెలో సగానికి మించి పోయొద్దు. ఓవెన్‌లో పెట్టినప్పుడల్లా తిప్పే నాబ్ మీద కాగితం అంటించడం మర్చిపోవద్దు. లోపల పిండి ఉందని తెలియక ఎవరో 200 డిగ్రీలకు పెట్టేయడం ఈ ఊళ్లో ప్రతి తెలుగింట్లోనూ ఒకసారైనా జరిగి తీరుతుంది.

పెరుగుకు పాలు చిటికెన వేలు ఓర్చుకునేంత వేడి, అంటే 43, 44 డిగ్రీల దగ్గర తోడు వేయండి. లీటరుకు చెంచాడు చాలు. గిన్నెను తువ్వాలు చుట్టి అదే ఓవెన్‌లో పెడితే ఏడెనిమిది గంటలు. తోడుకోవట్లేదని తోడు ఎక్కువ వేస్తే పుల్లగా, నీళ్లగా వస్తుంది. లోపం వేడిదే గానీ తోడుది కాదు. కరివేపాకు కుండీని కిటికీ అద్దానికి తగిలేలా పెట్టకండి. ఆకు రాలుతోందని నీళ్లు ఎక్కువ పోస్తారు, అప్పుడు వేరు కుళ్లి నిజంగానే చస్తుంది. చలికాలం అది నిద్రపోతుంది, పై అంగుళం మట్టి ఎండితేనే పోయండి. పన్నెండు గంటలు గ్రో లైట్ (మొక్కలకు ఎండ బదులు వాడే దీపం) కింద ఉంచండి. ఆకు వెనక సన్నటి సాలెగూడులా కనిపిస్తే ఎర్రనల్లి పట్టినట్టు. పొడిగాలికి అది వస్తుంది, సింకులో పెట్టి ఆకు వెనక గోరువెచ్చటి నీళ్లతో కడగండి.

పాపకు. లోపలి పొర నూలుది వద్దు. నూలు చెమట పీల్చుకుని అలాగే ఉంచుతుంది, పరుగెత్తి ఆగగానే ఒళ్లు చల్లబడుతుంది. పాలియెస్టర్ లేదా ఊలు లోపలి బట్టలు, మీద ఫ్లీస్, ఆపైన స్నో ప్యాంటు, జాకెట్. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్లూ కలిసుండే మిట్టెన్స్ వెచ్చగా ఉంటాయి. అవి రెండు జతలు, ఒకటి బ్యాగులో. మెడకు స్కార్ఫ్ కాదు, తలమీదుగా తొడిగే నెక్ వార్మర్. ఆటస్థలంలో స్కార్ఫ్ ఎక్కడైనా చిక్కుకోవచ్చు. ప్రతిదాని మీదా పేరు రాయండి, క్లాసులో ఇరవై జతలు నల్ల మిట్టెన్సే. తొడిగే వరస నేర్పండి. ముందు బాత్రూం, తర్వాత స్నో ప్యాంటు, బూట్లు, జాకెట్, నెక్ వార్మర్, టోపీ, ఆఖరున మిట్టెన్స్. జాకెట్ ముందు వేసుకుంటే వంగి బూట్లు తొడుక్కోలేరు, మిట్టెన్స్ ముందు వేసుకుంటే జిప్పు పట్టుకోలేరు. ఇక్కడ స్కూళ్లలో విండ్ చిల్ మైనస్ 27 చుట్టుపక్కలకు చేరేదాకా పిల్లలను రిసెస్‌కు, అంటే ఆట విరామానికి, బయటికి పంపుతారు. ఖచ్చితమైన అంకె మీ స్కూల్ హ్యాండ్‌బుక్‌లో చూడండి. ‘ఇంత చలిలో బయటికా’ అని టీచర్‌తో గొడవకు దిగకండి, స్నో ప్యాంటు లేకుండా పంపితే తప్పు మీదే అవుతుంది.

బూటు లోపలి ఊలు పొర ఊడివచ్చే రకం కొనండి. అర సైజు పెద్దది ఉండాలి, కాలివేళ్లు లోపల ఆడాలి. బిగుతు బూటు ఎంత ఖరీదైనదైనా కాళ్లు చల్లబడతాయి. ఇంటికి రాగానే లోపలి పొర తీసి గాలి రంధ్రం దగ్గర ఆరేయాలి. ఆరలేదంటే మర్నాడు మైనస్ 40ని తట్టుకునే బూటుకీ మామూలు చెప్పుకీ తేడా ఉండదు.

బాబును కార్ సీట్‌లో దూది జాకెట్‌తో కట్టకండి. కుదుపు వస్తే జాకెట్ నలిగి బెల్టు వదులవుతుంది. పలచటి ఫ్లీస్ వేసి, బెల్టు బిగించి, భుజం దగ్గర బెల్టును చిటికెలో పట్టుకుంటే ముడత రాకూడదు. ఆపైన దుప్పటి కప్పండి. తల్లిపాలు తాగే బిడ్డకు రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు ఇవ్వాలని హెల్త్ కెనడా చెబుతుంది, చలికాలమే కాదు ఏడాది పొడుగునా.

అమ్మగారి విషయం. ఆవిడకు మొదటి ప్రమాదం జారిపడటం. స్నో మీద కాదు, స్నో కరిగి రాత్రి గడ్డకట్టిన పలుచటి ఐస్ మీద. ఉప్పు మైనస్ 10 దాటాక పెద్దగా పనిచేయదు, మెట్ల మీద ఇసుక చల్లండి. బూట్ల కింద తొడిగే ఇనుప మేకుల పట్టీలు కొనివ్వండి. వాటితో షాపింగ్ మాల్ పాలరాయి మీద నడిస్తే మాత్రం ఖాయంగా జారుతారు, గుమ్మంలోనే తీసేయాలని చెప్పండి. నడక పెంగ్విన్‌లా ఉండాలి. అడుగులు చిన్నవిగా, పాదం మొత్తం ఒకేసారి ఆనించి, చేతులు జేబులో కాకుండా బయట.

రెండోది నగలు. కమ్మలు, ముక్కుపుడక చలిని నేరుగా చర్మంలోకి లాగుతాయి. విండ్ చిల్ మైనస్ 30 దాటిన రోజు బయటికెళ్తే కమ్మలు తీసేయమనండి, లేదా చెవులు పూర్తిగా కప్పే టోపీ పెట్టండి. మెట్టెలు కూడా. వేలికి చలి దెబ్బ తగిలి వాస్తే మెట్టె రాదు, కోయాల్సి వస్తుంది. తీయడానికి ఇష్టపడకపోతే వాదించకండి, ఆ రోజు బయటికి తీసుకెళ్లకండి. చెవి, ముక్కు, వేలి కొస తెల్లబడి మొద్దుబారితే లోపలికొచ్చి 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ఉంచాలి. రుద్దకూడదు, హీటర్ దగ్గర పెట్టకూడదు. స్పర్శ లేదు కాబట్టి కాలినా తెలియదు. బొబ్బలొస్తే, అరగంటకు రంగు తిరగకపోతే ఆసుపత్రికే.

ఒంటికి స్నానమవ్వగానే, ఇంకా కాస్త తడి ఉండగానే వ్యాజలీన్ లాంటి చిక్కటి పూత. కొబ్బరినూనె మంచిదే గానీ ఈ గాలికి ఒక్కటే చాలదు. వేడివేడి నీళ్ల స్నానం దురద పెంచుతుంది. 50 దాటినవాళ్లకు రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి మాత్ర ఇక్కడ సిఫారసు. ఆవిడ బీపీ, షుగర్ మందులతో పాటు డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి.

డిసెంబర్ మూడో వారంలో ఇక్కడ పగలు ఎనిమిది గంటల పైన కొద్ది నిమిషాలే. ఎనిమిదిన్నర దగ్గర తెల్లవారి, నాలుగున్నరకు చీకటి. పెద్దవాళ్లను కుంగదీసేది చలి కన్నా ఈ చీకటీ, నాలుగు గోడలూ. అది ఒక దినచర్య ఉంటే సగానికి సగం తగ్గుతుంది. పొద్దున పోలో పార్క్ లాంటి మాల్‌లో అరగంట నడక, చాలామంది పెద్దలు అదే చేస్తారు. వారానికోసారి గుడి. పగటి వెలుతురుకు బదులుగా 10,000 లక్స్ లైటు ఒకటి కొని టిఫిన్ చేసేటప్పుడు ఇరవై, ముప్పై నిమిషాలు ఎదురుగా పక్కకు పెట్టొచ్చు. కంటి జబ్బుంటే ముందు అడిగి. ఇంటికి ఫోన్ల వేళ కూడా స్థిరంగా ఉండాలి. నవంబర్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి జరిగాక గుంటూరుకీ మీకూ తేడా పదకొండున్నర గంటలు. ఇక్కడ ఉదయం ఏడున్నర అంటే అక్కడ రాత్రి ఏడు, భోజనాలకు ముందు అందరూ ఇంట్లో ఉండే వేళ. రోజంతా టీవీలో తెలుగు వార్తలు పెట్టి వదిలేస్తే ఆవిడ మనసు అక్కడే ఉండిపోతుంది. ఊరి కబురు ఊళ్లోవాళ్ల నోట, రోజుకోసారి వింటే సరిపోతుంది.

కారు. ఇంత చలి లేని బ్రిటిష్ కొలంబియా బండి కాబట్టి బ్లాక్ హీటర్ (ఇంజిన్‌ను కరెంటుతో వెచ్చబెట్టేది) ఉందో లేదో ముందు చూడండి. ముందు గ్రిల్ దగ్గర మూడు మొనల ప్లగ్ వేలాడుతుండాలి. లేకపోతే నవంబర్ లోపు వేయించుకోండి, డిసెంబర్‌లో మెకానిక్‌లు దొరకరు. మైనస్ 15 కిందకు పోతే ప్లగ్ పెట్టాలి. రాత్రంతా అక్కర్లేదు, బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు చాలు, టైమర్ పెట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ తీగ బయట వాడేందుకు తయారైనదే, 14 గేజ్ లేదా అంతకన్నా లావుది ఉండాలి. ఇంట్లో వాడే సన్నటి తీగ చలికి పెళుసెక్కి తెగి, కొన్నిసార్లు అంటుకుంటుంది. బ్యాటరీ నాలుగేళ్లు దాటితే ఇప్పుడే పరీక్ష చేయించండి, మైనస్ 18 దగ్గర దాని బలం సగానికి పైగా పడిపోతుంది. అద్దం కడిగే నీళ్లు మైనస్ 40 దాకా గడ్డకట్టనివి పోయండి. పాతవి ముందు పూర్తిగా అయిపోవాలి, లేకపోతే కలిసి ట్యాంకులోనే గడ్డకడతాయి. టైర్లకు మూడు శిఖరాల కొండలో మంచుపువ్వు గుర్తు, అంటే చలికాలపు టైర్ల గుర్తు, ఉండాలి. విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రంలో ఆ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి కాదు, కానీ వాటికి ఎంపీఐ (రాష్ట్ర ప్రభుత్వ వాహన బీమా సంస్థ) వాయిదాల పథకం ఉంది, అడగండి. తలుపు అతుక్కుపోతే వేడినీళ్లు పోయకండి, అరనిమిషంలో అది కూడా ఐసే.

వీధిలో బండి పెట్టేవాళ్లకు సిటీ ‘నో యువర్ జోన్’ యాప్ తప్పనిసరి. వీధుల్లో స్నో తీసే వంతుల కోసం మీ వీధికి ఒక అక్షరం ఉంటుంది. మీ అక్షరం వంతు వచ్చిన 12 గంటల్లో వీధిలో బండి ఉంటే చలానా వేసి లాగేస్తారు. ముఖ్య మార్గాల్లో డిసెంబర్ 1 నుంచి మార్చి 1 దాకా రాత్రి 2 నుంచి 7 వరకు ఎలాగూ పెట్టకూడదు.

మార్చి సంగతి వేరు. మార్చిలో గాలి వెచ్చబడి అందరూ ఊపిరి పీల్చుకునే వేళకు భూమిలో చలి ఇంకా కిందికే దిగుతుంటుంది, ఇక్కడ అది రెండు మీటర్లు దాటుతుంది. వీధిలోని పెద్ద నీటి గొట్టం నుంచి ఇంటికి వచ్చే పైపు గడ్డకట్టేది అప్పుడే. 2014లో అలా రెండు వేలకు పైగా ఇళ్లకు నీళ్లు ఆగిపోయి, వసంతమంతా పక్కింటి కుళాయి నుంచి గొట్టాలు వేసుకుని గడిపారు. ఫిబ్రవరి నుంచి వారానికోసారి వంటింట్లో చల్లటి కుళాయి ఐదు నిమిషాలు వదిలి గ్లాసులో థర్మామీటర్ ముంచండి. 5 డిగ్రీల కన్నా తగ్గుతూ పోతుంటే సిటీ నంబరు 311కి ఫోన్ చేయండి. సిటీ నుంచి కుళాయి వదిలి ఉంచమని నోటీసు వస్తే పెన్సిలంత లావు ధార రాత్రింబవళ్లు ఆగకుండా పోవాలి. అమ్మగారికి ఇది ముందే చెప్పి పెట్టండి, నీళ్లు వృథా అని రాత్రి లేచి కట్టేస్తారు. ఆ నోటీసు కాగితం దాచండి. అది ఉంటే బిల్లు మీ మామూలు వాడకం ప్రకారం వేయమని అడగొచ్చు. నోటీసు లేకుండా మీ అంతట మీరు వదిలితే ఆ నీళ్ల డబ్బు మీదే.